గోడ మీద ఒక దెబ్బ

మొన్న సాయంత్రం పక్కింటాయన తుప్పు పట్టిన బోల్టుల్ని కిరోసిన్‌లో నానేసి ప్రహరీ గోడ పక్కన పెట్టాడు. ఈమధ్య ఇళ్లలో కిరోసిన్ కనపడటమే మానేసింది. ఆ వాసనకి ఎవరికైనా వంటింటి పంపు స్టవ్ గుర్తుకు రావాలి. నాకు మా నాన్న తెల్ల చొక్కా గుర్తొచ్చింది. స్టేషన్ మాస్టర్ల తెల్ల యూనిఫాంని అమ్మ ఎంత ఉతికి నీలిమందు పెట్టినా, రాత్రి డ్యూటీ చేసొచ్చిన పొద్దున దానికి కిరోసిన్ వాసన పట్టే ఉండేది. ఆఫీసు గదిని ఆనుకునే లాంపు రూము. సిగ్నల్ దీపాల అద్దాలు తుడవడం, వత్తులు కత్తిరించడం, నూనె పోయడం అన్నీ అక్కడే.

నాన్న పోయి కొన్నేళ్లయింది. ఆయన గురించి ఎవరైనా అడిగితే "చాలా స్ట్రిక్టండీ" అని ఊరుకుంటాను. ఆ ఒక్క మాటతో సరిపెట్టేది కాదు ఆ సంగతి. ఈసారి రాసి పెడదామనిపించింది.

*

గుంటూరు నుంచి గుంతకల్లు పోయే లైను అప్పట్లో మీటర్ గేజ్. నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు, ఆ తర్వాత దిగువమెట్ట. అక్కణ్ణించి నల్లమల అడవిలో పడి నంద్యాల వైపు దిగేది. దారిలో దొరబావి వంతెన వచ్చిందంటే పెట్టెలో అందరూ కిటికీల దగ్గర చేరేవాళ్లు, కిందికి చూసి వెనక్కి తగ్గేవాళ్లు. 1990ల్లో బ్రాడ్ గేజ్ వేసినప్పుడు ఘాట్‌లో లైను దారి మార్చి ఆ వంతెనని వదిలేశారు.

నాన్న సర్వీసు చాలా భాగం ఈ లైను మీదే. మేం ఎక్కువకాలం ఉన్నది కంభం, గిద్దలూరు మధ్య ఒక చిన్న స్టేషన్లో. ఎర్రమట్టి ప్లాట్‌ఫాం, వేపచెట్ల కింద సిమెంటు బల్ల, నాలుగు క్వార్టర్లు, ఒక బావి. గంట అంటే కొక్కేనికి వేలాడదీసిన రైలు పట్టా ముక్క. రైలు వెనక స్టేషన్ వదలగానే, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ దాన్ని కొట్టేవాడు. ఆ మోత విని పక్క పొలాల్లోంచి జనం పరుగెత్తుకొచ్చేవాళ్లు. టికెట్లు అట్టముక్కల్లా మందంగా ఉండేవి. వాటిని తారీకు మిషన్లో దూర్చి లాగితే టక్కుమనేది. నిద్రలో వినపడ్డా పాసింజరు వస్తోందని తెలిసిపోయేది.

మా ఇంట్లో కూడా రైల్వే టైమే. రోజూ 16 గంటలకి కంట్రోలు ఆఫీసు నుంచి టైం సిగ్నల్ వచ్చేది. దాన్ని బట్టి నాన్న ఆఫీసు గడియారం సరిచేసి, తన చేతి గడియారం సరిచేసుకుని, ఇంటికి రాగానే ముందు మా గోడ గడియారం వంక చూసేవారు. అర నిమిషం తేడా ఉన్నా స్టూలు ఎక్కేవారు. చెప్పులు విడిచేది ఆ తర్వాతే. భోజనం పంతొమ్మిది నలభైకి. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే అమ్మకి టెన్షన్.

*

మేం ఇద్దరం అన్నదమ్ములం. అన్నయ్య నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఖంగుమనే గొంతు. పేపరు మధ్యాహ్నం పాసింజర్లో వచ్చేది. నాన్న పగటి డ్యూటీ లేని రోజుల్లో వేపచెట్టు కింద కూర్చుని అన్నయ్య చేత పైకి చదివించుకునేవారు. కళ్లు మూసుకుని వినేవారు. "పెద్దబాబూ, ఆ ముక్క మళ్లీ చదువు" అనేవారు. ఆయన గొంతులో ఆ మెత్తదనం వినడానికి నేను కూడా దగ్గర్లోనే తచ్చాడేవాణ్ణి.

నాకు నత్తి.

క, వ, ఇ దగ్గర మరీ ఆగిపోయేది. మాట గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చునేది. మొహం ఎర్రబడేది, కళ్లల్లో నీళ్లు తిరిగేవి. అమ్మ వస కొమ్ము అరగదీసి నాలుక మీద రాసేది. ఎవరో గులకరాళ్లు నోట్లో పెట్టుకుని చదవమన్నారు, అదీ చేశాను. బడిలో అందరితో కలిసి ఎక్కాలు చెప్పేటప్పుడు మాత్రం ఒక్క చోట కూడా తడబడేవాణ్ణి కాదు. పంతులుగారు "నువ్వొక్కడివీ చెప్పు" అనగానే పన్నెండో ఎక్కం మొదటి మెట్టు మీదే నిలబడిపోయేవాణ్ణి. నత్తి ఉన్నవాళ్లకి నలుగురితో కలిసి పలికితే మాట సాఫీగా వస్తుందనీ, పాడేటప్పుడు నత్తి రాదనీ పెద్దయ్యాక తెలిసింది. పిల్లల్ని తొందరపెట్టకూడదనీ, వాళ్ల వాక్యం మనం అందుకుని పూర్తి చెయ్యకూడదనీ ఇప్పుడు స్పీచ్ థెరపిస్టులు చెప్తున్నారు. అప్పుడు మాకు అలా చెప్పేవాళ్లెవరూ లేరు. వంకర బుద్ధి వల్లనో, బద్ధకం వల్లనో అలా మాట్లాడుతున్నానని పెద్దవాళ్లు నిజంగానే అనుకునేవాళ్లు.

నాన్న నన్ను ఎప్పుడూ కొట్టలేదు. ఆయన చేసింది ఒక్కటే. నేను మాట మొదలుపెడితే ఆయన కళ్లు గడియారం మీదికి పోయేవి. కావాలని చేశారో, అలవాటుగా పోయేవో తెలియదు. ఆ చూపు అటు తిరగ్గానే నాకు వచ్చే మాట కూడా ఆగిపోయేది. కాసేపు చూసి "సర్లే, వెళ్లు" అనేవారు. చెప్పాలనుకున్నవి చాలా అలా మిగిలిపోయాయి.

ఇంకో సంగతి. అన్నయ్యని పేరు పెట్టో, పెద్దబాబూ అనో పిలిచేవారు. నన్ను పిలవడానికి గోడ మీద వేలి కణుపుతో ఒక దెబ్బ కొట్టేవారు. టక్. అంతే. ఎక్కడున్నా వినపడేది. నేను కూడా చేతికందిన దాని మీద ఒక దెబ్బ కొట్టి వెళ్లి ఎదురుగా నిలబడాలి.

*

ట్రైన్ సిగ్నల్ రిజిస్టరని ఒకటి ఉండేది. ప్రతి రైలుకీ లైన్ క్లియర్, అంటే ముందు లైను ఖాళీగా ఉంది, రైలు పంపొచ్చనే అనుమతి, ఎప్పుడు అడిగారు, ఎప్పుడు ఇచ్చారు, రైలు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది, అంతా నిమిషాలతో సహా సిరాతో రాయాలి. అందులో చెరపడం, అంకె మీద అంకె దిద్దడం ఒప్పుకోరు. తప్పు పడితే దాని మీద ఒక్క గీత. కింద ఏం రాసిందీ కనపడాలి. పైన సరైన అంకె, పక్కన పొట్టి సంతకం.

నాన్న ఇదే రూలు మా నోటు పుస్తకాలకీ పెట్టారు. ఇంట్లో రబ్బరు ఉండటానికి వీల్లేదు. తప్పు చేస్తే ఒక గీత, పక్కన సంతకం. అన్నయ్య పుస్తకాల్లో పేజీలకి పేజీలు శుభ్రంగా ఉండేవి. నాకు లెక్కలు రావు. నా పుస్తకం నిండా గీతలూ సంతకాలూ. రాత్రి పూట నాన్న రెండు పుస్తకాలూ పక్కపక్కన పరిచి చూసేవారు. ఏమీ అనేవారు కాదు. నా పుస్తకం మూసి, అన్నయ్య పుస్తకం ఇంకాసేపు తిరగేస్తూ కూర్చునేవారు. ఎనిమిదేళ్ల పిల్లాడికి అంతకంటే విడమర్చి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కి ఒక ఆఫీసరు వచ్చాడు. స్టేషనంతా సున్నం వేసి, అగ్గి బకెట్లకి ఎర్ర రంగు పూసి తయారుగా ఉంచారు. ఆయన అన్నీ చూసి వెళ్తూ ప్లాట్‌ఫాం మీద నన్ను చూసి, "మీ వాడేనా మాస్టారూ? ఏం పేరు బాబూ?" అని తల మీద చెయ్యి వేశాడు. నేను నోరు తెరిచాను. నా పేరు క తోనే మొదలవుతుంది. ఆయన వంగి, నవ్వు మొహంతోనే ఎదురు చూస్తున్నాడు. ఇంకొక్క క్షణం ఆగితే వచ్చేసేదేమో. ఈలోగా నాన్న అందుకుని, "వీడికి మాట సరిగ్గా రాదు సార్. మా పెద్దవాడు బాగా చదువుతాడు. రారా పెద్దబాబూ" అన్నారు. అన్నయ్య ముందుకొచ్చి తన పేరు, క్లాసు, వచ్చిన మార్కులు చెప్పాడు. ఆఫీసరు చెయ్యి నా తల మీంచి తీసి అన్నయ్యకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

ఆ చెయ్యి బరువు తీసేసినట్టు తెలియడం ఇప్పటికీ నా నడినెత్తిన ఉంది.

*

రాత్రి డ్యూటీ పన్నెండు గంటలు. అన్నయ్య చదువుకోవాలి కాబట్టి నాన్నకి క్యారియర్ తీసుకెళ్లే పని నాది. ఎవరూ కావాలని నాకు ఇచ్చిన వరం కాదు అది. కానీ ఆ రాత్రులు అన్నయ్యకి దొరకలేదు, నాకు దొరికాయి.

నాన్న తినేదాకా నేను ఆఫీసు గదిలో చెక్క పెట్టె మీద కూర్చునేవాణ్ణి. బల్ల మీద బాల్ టోకెన్ మిషన్లు రెండు, అటు స్టేషన్‌కి ఒకటి, ఇటు స్టేషన్‌కి ఒకటి. ఎర్ర రంగు ఇనుప పెట్టెలు. మీద గంట, ముందు ఒక సూది, తిప్పడానికి హ్యాండిల్. అవతలి స్టేషన్ మాస్టరు లైన్ క్లియర్ ఇస్తేనే హ్యాండిల్ తిరిగి, పెట్టెలోంచి ఉక్కు గుండు ఠంగుమని కిందికి పడుతుంది. దాన్ని తోలు సంచీలో వేసి, బెత్తం రింగుకి తగిలించి పాయింట్స్‌మన్ పట్టుకెళ్లి డ్రైవరుకి ఇవ్వాలి. ఆ గుండు ఇంజన్‌లో ఉంటేనే ముందు సెక్షన్‌లోకి, అంటే తర్వాతి స్టేషన్ దాకా ఉన్న లైను మీదికి, పోవడానికి అధికారం. అది అవతలి స్టేషన్ పెట్టెలో పడేదాకా రెండు వైపులా ఇంకో గుండు బయటికి రాదు. ఒంటి లైను మీద రెండు రైళ్లు ఎదురెదురుగా రాకుండా కాసేది ఆ ఇనుప పెట్టే. ఒక సెక్షన్ గుండు ఇంకో సెక్షన్ పెట్టెలో పట్టదు కూడా.

ఆగని గూడ్సు అయితే చూడాలి. పాయింట్స్‌మన్ బాబాయి కాగడా పక్కన రింగు ఎత్తి పట్టుకుని కదలకుండా నిలబడేవాడు. ఇంజన్ మీంచి ఫైర్‌మన్ వంగి, చెయ్యి దూర్చి దాన్ని అందుకుని, వెనక స్టేషన్‌ది కింద పడేసేవాడు. అది ప్లాట్‌ఫాం మీద గంతులేసుకుంటూ పోయేది. నిప్పు రవ్వలు, ఆవిరి, వేడిగాలి మొహానికి కొట్టి పోయేవి. బాబాయి చంక దగ్గర చొక్కా ఎప్పుడూ చిరిగే ఉండేది.

స్టేషన్ల మధ్య సగం మాటలు గంట దెబ్బలతోనే. ఒక దెబ్బంటే ఇటు చూడు, ఫోనెత్తు. రెండు, లైన్ క్లియరా? మూడు, రైలు సెక్షన్‌లోకి బయల్దేరింది. నాలుగు, రైలు చేరింది. ఆరు, ప్రమాదం, అంతా ఆపు. ఎన్ని దెబ్బలు వస్తే అన్ని దెబ్బలు తిరిగి కొట్టాలి, విన్నానని చెప్పడానికి. ఎవరూ నేర్పకుండానే నాకు వచ్చేశాయి. గోడ మీద ఒక దెబ్బ ఎక్కణ్ణించి వచ్చిందో కూడా అక్కడే తెలిసింది.

ఆ గదిలో నాన్న వేరే మనిషి. ఫోన్‌లో అవతలి మాస్టరుతో తగ్గు గొంతుతో, ఎంత ఓపిగ్గా మాట్లాడేవారో. లైను సరిగ్గా లేక అవతలి మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది. విసుక్కునేవారు కాదు. "పర్లేదండీ, నిదానంగా మళ్లీ చెప్పండి, రాసుకుంటున్నా" అనేవారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు గుండెలో ఏదో మెలిపెట్టేది. ఈ ఓపికలో కాస్త మా ఇంటికి తెస్తే ఏం పోయిందని ఇప్పటికీ అనుకుంటాను.

*

వానాకాలం ఒక రాత్రి. గూడ్సు లూప్ లైన్లో, అంటే మెయిన్ లైను పక్క పట్టాల మీద, నిలబడి ఉంది. గుండు డ్రైవరుకి ఇచ్చేశారు, బయల్దేరమని స్టార్టర్ సిగ్నల్ రెక్క వాలింది, ఇంజన్ కూత వేసింది. మూడు దెబ్బలు కొట్టడానికి నాన్న ఇంకా చెయ్యి పెట్టలేదు, ఈలోగా అవతలి నుంచే గంట మోగడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆగుతుందనుకున్నాను. నాలుగు, ఐదు, ఆరు.

నాన్న ఆరు దెబ్బలూ తిరిగి కొట్టి, ఎర్ర లాంతరు లాక్కుని, "స్టార్టర్ ఎత్తెయ్!" అని అరుస్తూ వానలోకి పరుగెత్తారు. ఆయన పరుగెత్తగా అదే చూడటం. ఇంజన్ కదిలి నాలుగు బారలు పోయిందో లేదో, డ్రైవరు ఎర్ర దీపం చూసి బ్రేకు వేశాడు. ముందు సెక్షన్లో వాగు పొంగి పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. గస్తీ తిరిగే గ్యాంగ్‌మన్ చూసి అవతలి స్టేషన్‌కి పరుగున పోయి చెప్పాడు.

నాన్న తిరిగొచ్చారు. మోకాళ్ల దాకా బురద. ఫోన్‌లో కంట్రోలుకి చెప్పడమైంది. రిజిస్టరు ముందుకు లాక్కుని పెన్ను తీశారు. చెయ్యి వణుకుతోంది. అప్పుడు తలెత్తి నన్ను అడిగారు. "ఆరు దెబ్బలు కొట్టినప్పుడు గడియారం చూశావా?"

చూశాను. ఆ ఇంట్లో పెరిగినవాడు గడియారం చూడకుండా ఎలా ఉంటాడు? చెప్పబోయాను. ఇ దగ్గర ఆగింది. ఇ, ఇ, ఇ. నాన్న నా మొహంలోకే చూస్తున్నారు. గోడ మీది గడియారం ఆయనకి ఎదురుగానే ఉంది. అటు చూడలేదు. వాన చప్పుడు, ఇంజన్ బుసలు, ఆయన పెన్ను కాగితం మీద ఆగి ఉంది. ఎంతసేపు పట్టిందో తెలియదు. "ఇరవై రెండు పద్నాలుగు" అన్నాను.

రాశారు. కంగారులో మొదట ఇరవై ఒకటి అని పడింది. దాని మీద ఒక్క గీత గీసి, పైన సరైన అంకె వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. "ఇంటికెళ్లు. అమ్మకి చెప్పకు, భయపడుతుంది" అన్నారు.

మర్నాటి నుంచి అంతా మామూలే. మళ్లీ గడియారం చూపులు, మళ్లీ గోడ మీద దెబ్బ. అలా ఒక రాత్రితో మారిపోయే మనుషుల గురించి వింటుంటాను. మా ఇంట్లో అలా జరగలేదు.

*

అన్నయ్య ఇంజనీరింగ్ చదివి బెంగళూరు వెళ్లిపోయాడు. నేను టైపు పాసై ఒక ఆఫీసులో చేరాను. ఉద్యోగం వచ్చిందని చెప్తే నాన్న, "మంచిదే, అక్కడ మాట్లాడే పని ఉండదుగా" అన్నారు. ఆయన దృష్టిలో అది మెచ్చుకోలే అయి ఉండొచ్చు. ఆ పూట నేను అన్నం తినలేదు.

రిటైరయ్యాక నా దగ్గరే గుంటూరులో ఉన్నారు. ఆదివారం అన్నయ్య ఫోన్ చేసే వేళకి చొక్కా వేసుకుని కూర్చునేవారు. నన్ను పిలవడం మాత్రం అదే టక్. మా ఆవిడకి అది అస్సలు నచ్చేది కాదు. "ఏమండీ, ఇంత వయసొచ్చిన కొడుకుని మావయ్యగారు పేరు పెట్టి పిలవలేరా?" అని వంటింట్లో గొణిగేది.

అమ్మ ఒకరోజు బియ్యం ఏరుతూ నాతో చెప్పింది. "చిన్నప్పుడు నిన్ను పేరు పెట్టే పిలిచేవారురా. వస్తున్నా అనడానికి కింద మీద పడేవాడివి. వ దగ్గరే ఆగిపోయి ఏడ్చేవాడివి. ఒకరోజు అది చూసి, ఇక వీణ్ణి జవాబు చెప్పే పని లేకుండా పిలుస్తానన్నారు."

నిజమై ఉండొచ్చు. మా అమ్మ మా ఇద్దరికీ మధ్య సర్దుబాటు చెయ్యడానికి ఏదైనా చెప్పగలదు, కాబట్టి కాకపోనూ వచ్చు. మరి గడియారం వంక చూడటం ఎందుకమ్మా అని అడిగితే చాట పక్కన పెట్టి లేచి వెళ్లిపోయింది. నాన్నని నేను అడగలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ అడగాలనిపించలేదు, అడిగినా చెప్పే మనిషి కాదు.

*

పెద్ద కర్మ అయిన రాత్రి అన్నయ్యా నేనూ డాబా మీద పడుకున్నాం. "నాన్న రాత్రుళ్లు అక్కడ ఏం చేసేవారురా అసలు?" అని అడిగాడు. నేను ఆశ్చర్యపోయాను. వాడికి గుండు సంగతి తెలియదు, ఆరు దెబ్బల రాత్రి తెలియదు. మార్కుల కాగితం చేతిలో పట్టుకుని నాన్న ముందు నిలబడటమే ఎక్కువ గుర్తట. ఒక్క మార్కు తగ్గితే ఆయన మాట్లాడకుండా కాగితం తిరిగి ఇచ్చేసేవారట. "నాకు జ్వరం వచ్చేదిరా" అన్నాడు. ఆ సంగతి నాకూ కొత్తే. తెల్లారేదాకా చెప్తూనే ఉన్నాను. వాడు వింటూనే ఉన్నాడు.

ఇప్పుడు వాడి కూతురు ఆదివారాలు నాకు ఫోన్ చేస్తోంది, తాతయ్య ఉద్యోగం గురించి అడగడానికి. పోయిన వారం టోకెన్ మిషన్ గురించి చెప్పాను. హ్యాండిల్‌కి మూడు స్థానాలుంటాయనీ, రెండు స్టేషన్ల మాస్టర్లూ ఒప్పుకోకుండా ఒక్కరే ఆ గుండుని బయటికి తియ్యలేరనీ చెప్తే చాలాసేపు ఆలోచించింది. తర్వాత ఉన్నట్టుండి, "బాబాయ్, తాతయ్య నిన్ను పేరు పెట్టి పిలిచేవారు కాదటగా, నాన్న చెప్పాడు. నీకు కోపం రాలేదా?" అంది.

"వచ్చింది. ఇప్పటికీ ఉంది" అన్నాను. ఆ ముక్క బయటికి రావడానికి కాస్త టైము పట్టింది. ఆ పిల్ల మధ్యలో అందుకోలేదు. నేను పూర్తి చేశాక, ఆ ఉక్కు గుండు ఎంత బరువుండేది, చిన్నప్పుడు నువ్వు ఒక్క చేత్తో ఎత్తగలిగేవాడివా అని అడిగింది. నాన్న నన్ను దాన్ని ఎప్పుడూ ముట్టుకోనివ్వలేదని చెప్పాను. అది రూలు.